పదేళ్ల బాబుకు ఏ బల్లిని తేవాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పదేళ్ల బాబు ఏడాదిగా బల్లిని పెంచుకుంటానని పట్టుబడుతున్నాడు. వాడికి బియర్డెడ్ డ్రాగన్ కావాలి. మా వారు సరీసృపాల సంతలో ఇరవై డాలర్లకే ఇగ్వానా పిల్ల దొరుకుతోందని చూసి వచ్చారు. మాది శాకాహార కుటుంబం, ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. బతికున్న పురుగులను తెచ్చి వేయడం నా వల్ల కాదేమోనన్న అనుమానంతో నేను క్రెస్టెడ్ గెకో వైపు మొగ్గుతున్నాను. లెపర్డ్ గెకోను పెంచుతున్న పక్కింటివారేమో దాన్నే తీసుకోమంటున్నారు. ఏటా జూన్, జూలైలలో ఐదారు వారాలు విజయవాడ వెళ్తాం. అక్టోబరులో మా అత్తగారు వచ్చి ఆరు నెలలు ఉంటారు. బల్లి మీద పడితే అరిష్టమని ఆవిడ భయం. మా పాపకు వచ్చే మార్చికి ఐదేళ్లు నిండుతాయి. ఈ నాలుగింటిలో దేన్ని తేవాలో చెప్పగలరా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది దేన్ని తేవాలని. కానీ మీ ఉత్తరంలో చివరికి వచ్చేసరికి, ఎప్పుడు తేవాలన్నది ముందుగా తేల్చడం నా బాధ్యత అనిపించింది. మీ పాపకు ఇంకా ఐదేళ్లు నిండలేదు. చూడటానికి ఎంతో ఆరోగ్యంగా ఉన్న బల్లి పేగుల్లో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. దాని వల్ల బల్లికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ రెట్ట ద్వారా అది బల్లి ఒంటికి, నీళ్ల గిన్నెకు, గాజు పెట్టె అంచులకు అంటుకుని, అక్కడి నుంచి మన చేతులకు, చేతుల నుంచి నోటికి చేరుతుంది. పెద్దవారికి నాలుగు రోజుల విరేచనాలతో, జ్వరంతో పోయేది పసివాళ్లను ఆసుపత్రి దాకా తీసుకుపోగలదు. అందుకే ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇళ్లలో సరీసృపాలను పెంచవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. బియర్డెడ్ డ్రాగన్‌ల నుంచి ఈ క్రిమి సోకి పలు రాష్ట్రాలలో జనం జబ్బుపడిన సంగతిని కూడా ఆ సంస్థ ఒకటికి రెండుసార్లు ప్రకటించింది.

కాబట్టి మార్చి దాటనివ్వండి. ఆ తరువాత జూన్‌లో ఎలాగూ విజయవాడ వెళ్తారు గనుక, తిరిగి వచ్చాక ఆగస్టులో తెచ్చుకుంటే, కొత్త ప్రాణి ఇంటికి అలవాటు పడకముందే దాన్ని పరాయివారి చేతుల్లో వదిలి వెళ్లవలసిన అవస్థ కూడా తప్పుతుంది. మీ అత్తగారి వయసు మీరు రాయలేదు. 65 దాటి ఉంటే ఆ సలహా ఆవిడకూ వర్తిస్తుంది. ఆవిడ ఆరోగ్య పరిస్థితిని బట్టి డాక్టరును అడిగాకే ముందుకు వెళ్లండి. మీ బాబుకు ఇది కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. తెచ్చేముందు వాడు చేయగల పని ఒకటి చివర్లో చెబుతాను.

ఇక మీరు అడిగిన పోలిక. ఈ పేర్లన్నీ కొత్తగా వినిపిస్తాయి గాని, వీటిలో మూడింటి చుట్టాలను మనం ఊళ్లో చూస్తూ పెరిగినవాళ్లమే. బియర్డెడ్ డ్రాగన్ మన తొండ కుటుంబానికి చెందినది. రెండు గెకోలు మన బల్లి వర్గానివి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం లెక్క తేలిపోతుంది. తొండ పట్టపగలు కంచె మీద ఎక్కి ఎండ కాచుకుంటుంది; బల్లి పొద్దుగూకాక ట్యూబులైటు పక్కకు చేరుతుంది. అంటే మొదటిదానికి మనం ఇంట్లో సూర్యుణ్ణి కల్పించి ఇవ్వాలి, రెండవదానికి నీడనూ చీకటినీ ఇవ్వాలి. మీ బాబు మధ్యాహ్నం మూడున్నరకు బడి నుంచి వచ్చేసరికి బియర్డెడ్ డ్రాగన్ మెలకువగా, దీపం కింద ఒళ్లు పరుచుకుని ఉంటుంది. గెకో మాత్రం వాడు పళ్లు తోముకుని పడుకోబోయే వేళకు నిద్ర లేస్తుంది.

ముందుగా ఇగ్వానా మాట చెప్పి పక్కన పెడతాను, ఎందుకంటే మీ వారిని ఆపడం అన్నింటికంటే అవసరం. ఆ ఇరవై డాలర్ల పచ్చటి పిల్ల అరచేతిలో ఇమిడిపోతుంది. మూడు నాలుగేళ్లకు తోకతో కలిపి ఐదారు అడుగులు అవుతుంది. దానికి గాజు పెట్టె చాలదు, వేడి దీపాలు బిగించిన ఒక చిన్న గది కావాలి. పెరిగిన మగ ఇగ్వానా జోడు కట్టే కాలంలో తనను పెంచినవాళ్ల మీదికే వచ్చి కరుస్తుంది. తోకతో కొడితే వాత తేలుతుంది. ఆకులు మాత్రమే తింటుంది గనుక శాకాహారులకు తగినదని సంతలో చెబుతారు. ఆకులు తినే మాట నిజమే గాని, మిగతాది చెప్పరు. ఫ్లోరిడాలో జనం పెంచలేక వదిలేసినవీ, తప్పించుకున్నవీ పెరిగి కాలువ గట్లను తవ్వి పాడుచేస్తున్నాయి. చలిగాలులు వీచిన రాత్రుల్లో బిగుసుకుపోయి చెట్ల మీద నుంచి రాలిపడుతున్నాయి. 2021లో ఆ రాష్ట్రం ఇగ్వానాను, దానితో పాటు టెగూ అనే మరో పెద్ద జాతిని నిషేధిత జాబితాలో చేర్చింది. టెక్సస్‌లో అమ్ముతున్నారు కదా అని తేవద్దు. మీ ఇంట్లో ఒక గదిని పూర్తిగా దానికి ఇవ్వగలిగితే తప్ప అది మీకు తగిన జంతువు కాదు.

బియర్డెడ్ డ్రాగన్ విషయంలో మీ బాబు మనసు నాకు అర్థమవుతోంది. మనిషిని చూసి బెదరని బల్లి ఇదొక్కటే అనిపిస్తుంది. భుజం మీద పెట్టుకుంటే అరగంట కదలకుండా కూర్చుంటుంది. కోపం వస్తే గడ్డం నల్లబడి ఉబ్బుతుంది. తనకంటే పెద్దదాన్ని చూస్తే ముందుకాలు ఒకటి పైకెత్తి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ లొంగిపోయానని చెబుతుంది. పిల్లలు మొదట అది తమకు టాటా చెబుతోందనుకుని మురిసిపోతారు. దీని సొంత నేల ఆస్ట్రేలియా నడిమి ఎండు ప్రాంతం. ఆస్ట్రేలియా తన వన్యప్రాణులను వ్యాపారానికి బయటికి పంపదు గనుక, అమెరికా దుకాణాల్లో ఉన్నవి పెంపకందార్ల వద్ద పుట్టినవే. అడవి నుంచి పట్టి తెచ్చినదన్న బెంగ ఉండదు.

అయితే ఆ ఎడారి సూర్యుణ్ణి మీ ఇంట్లో పెట్టడమే దీని అసలు ఖర్చు. ఎండ కాచుకునే చోట వంద నుంచి నూటపది డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, రెండవ చివర ఎనభై దగ్గర చల్లదనం ఉండాలి. ఇందుకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె కావాలి. వేడి దీపంతో పాటు యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత) కిరణాలు ఇచ్చే ట్యూబు తప్పనిసరి. ఆ కిరణాలు పడితేనే దాని ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకు పడుతుంది.

ఈ విషయం నాకు బాధతో తెలిసింది. కొన్నేళ్ల కిందట, ఊరు మారిపోతున్న ఒక కుటుంబం నుంచి రెండేళ్ల డ్రాగన్‌ను తెచ్చుకున్నాను. దీపం వెలుగుతూనే ఉంది, తిండీ పెడుతున్నారు. కానీ దాని దవడను వేలితో తాకితే రబ్బరులా లోపలికి నొక్కుకుంది; నడిచేటప్పుడు పొట్ట నేలకు ఈడ్చుకుంటోంది. ఒక దుకాణంలో వాళ్లకు అంటగట్టిన చిన్న చుట్ట బల్బును రెండేళ్లుగా మార్చలేదు. కంటికి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది గాని, అందులోని యూవీబీ ఎప్పుడో క్షీణించిపోయింది. వైద్యం చేయించాక అది నాలుగేళ్లు బతికింది, కానీ వంకరపోయిన కాళ్లు తిన్నగా కాలేదు. అందుకే ట్యూబును ఆరు నెలలకో, తయారీదారు చెప్పిన గడువుకో మార్చమని, మార్చిన తేదీని దాని మీదే రాయమని అడిగిన ప్రతివారికీ చెబుతాను.

తిండి సంగతికి వస్తే, పిల్లగా ఉన్నప్పుడు దానికి ప్రధానాహారం పురుగులే, అదీ రోజూ. పెద్దదయ్యాక పళ్లెంలో నాలుగింట మూడు వంతులు ఆకుకూరలు, కూరగాయలు ఉండాలి, అయినా పురుగులు పూర్తిగా మానవు. మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది: పాలకూర. మనకు మంచిది గదా అని రోజూ వేస్తారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. కొలార్డ్ ఆకు, ఆవాకు, గుమ్మడి ముక్కలు వేయవచ్చు. అవకాడో వేయకూడదు, అది విషం. వేసవి సాయంత్రాల్లో పిల్లలు సరదాగా మిణుగురులను పట్టి దానికి తినిపించబోతారు. ఒక్క మిణుగురు తిన్నా డ్రాగన్ చనిపోవచ్చు. మీ బాబుకు ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి, పక్కింటివారి గెకో జోలికి కూడా మిణుగురులతో వెళ్లకూడదు.

మీరు మొగ్గు చూపుతున్న క్రెస్టెడ్ గెకోది చిత్రమైన కథ. పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా దీవులకు చెందిన ఈ బల్లి అంతరించిపోయిందనే అనుకున్నారు; 1994లో మళ్లీ కనబడింది. ఈనాడు అమెరికాలో ఇళ్లలో ఉన్నవన్నీ ఆ తరువాతి కాలపు సంతానమే. కళ్ల మీద వెంట్రుకల్లా చిన్న ముళ్ల వరస ఉంటుంది. రెప్పలు ఉండవు, కంటిని నాలుకతో తుడుచుకుంటుంది. మీకు నచ్చిన గుణం దీనికి నిజంగానే ఉంది: పండ్ల పొడిని నీళ్లలో కలిపి పెరుగంత చిక్కగా చేసి చిన్న గిన్నెలో పెడితే దాని భోజనం అయిపోయినట్టే. ఆ పొడుల్లో కొన్నింటిలో పురుగుల పొడి, కొన్నింటిలో పాలనుంచో గుడ్డునుంచో తీసిన మాంసకృత్తులు ఉంటాయి గనుక, మీ నియమం అక్కడిదాకా ఉంటే డబ్బా మీది చీటీ చదివి కొనండి.

కానీ రెండు విషయాలు మీ ఇంటికి అడ్డు వస్తాయి. మొదటిది వేడి. మనం హాయిగా ఉండే 72 నుంచి 78 డిగ్రీలే దానికీ హాయి. 85 దాటి కొన్ని గంటలు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. జూలైలో ఫ్రిస్కోలో ఏసీ ఆగిపోతే ఇల్లు ఎంతసేపట్లో వేడెక్కుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు, పైగా సరిగ్గా అప్పుడే మీరు విజయవాడలో ఉంటారు. రెండవది మీ అత్తగారు. మీరు చెప్పిన నాలుగింటిలో గాజు మీద, గోడ మీద పాకగలిగేది, ఉన్నట్టుండి ఎగిరి మనిషి మీద వాలేది ఇదొక్కటే. చేతిలోంచి భుజం మీదికి, భుజం మీద నుంచి తల మీదికి దూకుతుంది. ఏ వైపు పడితే ఏ ఫలమో బల్లి శాస్త్రం చూసుకుంటూ పెరిగిన పెద్దావిడకు అది ఎంత కలత కలిగిస్తుందో ఊహించండి. ఆవిడ భయాన్ని తీసిపారేయవద్దని నా విన్నపం; ఇంట్లో ఆరు నెలలు ఉండే మనిషికి ఆ ఇంట్లో నిశ్చింతగా కూర్చునే చోటు ఉండాలి. ఇంకొక సంగతి, బెదిరితే క్రెస్టెడ్ గెకో తోక వదిలేస్తుంది, అది మళ్లీ మొలవదు. తోక లేకపోయినా ఆరోగ్యంగానే బతుకుతుంది గాని, తన చేతిలో తోక ఊడిపోయిందన్న దిగులు పిల్లవాడికి చాలాకాలం ఉంటుంది.

లెపర్డ్ గెకో మనకు దగ్గరి నేలదే. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలల్లో బతుకుతుంది. మన గోడ బల్లికి లేనివి దీనికి రెండు ఉన్నాయి: కంటికి రెప్పలు, లావైన తోక. గోడ బల్లికి ఉన్నది ఒకటి దీనికి లేదు: పాదాల కింది అంటుడు మెత్తలు. అందువల్ల గాజు ఎక్కలేదు, గోడ పాకలేదు, కప్పు మీద నుంచి ఎవరి నెత్తినా పడలేదు. మీ అత్తగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

నా దగ్గర ఒకటి పద్నాలుగేళ్లుగా ఉంది. రాత్రి ఎనిమిది దాటాక గుహలోంచి ముందు మూతి, ఆ తరువాత ఒక్కొక్క కాలే బయటికి వస్తుంది. పట్టకారుతో పురుగును చూపిస్తే తల ఒక పక్కకు వంచి చూస్తుంది. ఒళ్లంతా బిగదీసుకుని నిలబడిపోతుంది. తోక కొస మాత్రం సన్నగా వణుకుతూ ఉంటుంది, పిట్టను చూసిన పిల్లి తోకలాగే. ఆ మరుక్షణం పురుగు నోట్లో ఉంటుంది. తిన్నాక రెండు కళ్లూ మూసి తెరుస్తుంది. ఇన్నేళ్లయినా ఆ వేళకు నేను పని ఆపి వెళ్లి చూస్తూనే ఉంటాను.

దీని అవసరాలు తక్కువ. ఎనిమిది తొమ్మిది అంగుళాల ప్రాణికి మూడడుగుల పెట్టె సరిపోతుంది. వెచ్చని వైపు నేల 90 నుంచి 94 డిగ్రీలు ఉండాలి. తిన్నది అరగడానికి ఆ వేడి కావాలి. చల్లని వైపు గది వేడి చాలు. రెండు వైపులా దాక్కునే గుహలు, వాటిలో ఒకదానిలో కుబుసం తేలిగ్గా ఊడటానికి తడి నాచు ఉంచాలి. వేడి చాపను థర్మోస్టాట్ లేకుండా పెట్టకండి, పొట్ట కాలిపోతుంది. ఉత్త ఇసుక పరచకండి, పురుగుతో పాటు మింగితే పేగులో అడ్డుపడుతుంది. తోకలో కొవ్వు నిలవ చేసుకుంటుంది గనుక పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు తిండి పెడితే చాలు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయి ఇళ్లు గడ్డకట్టిన రోజుల్లో, మా గెకోను చిన్న డబ్బాలో పెట్టి, బట్ట చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచి, తిండి మాన్పించి గడిపాం. ఏమీ కాలేదు. నాలుగడుగుల పెట్టెలోని డ్రాగన్‌తో అదంత తేలికయ్యేది కాదు.

ఇన్ని మంచి గుణాలు చెప్పి ఒక్క మాట దాచలేను: ఇది ఆకు ముట్టదు, పండు ముట్టదు. జీవితాంతం పురుగులే. మీ ఇంటికి అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఈ పనిని మీరు చేయవలసిన అవసరం లేకపోవచ్చు, మీ వారూ బాబూ చేయగలరేమో కూర్చుని మాట్లాడుకోండి. కీచురాళ్లు అరుస్తాయి, వాసన వేస్తాయి, తప్పించుకుంటాయి, వాటిని తేకండి. మీల్‌వర్మ్‌లు అనే పిండిపురుగులు చిన్న డబ్బాలో, చల్లని చోట వారాల తరబడి ఉంటాయి, చప్పుడు ఉండదు. నల్ల సైనిక ఈగ లార్వాలలో కాల్షియం సహజంగానే ఎక్కువ. మీల్‌వర్మ్‌లను మీ వంటింటి ఫ్రిజ్‌లో పెట్టడం మీకు ఇష్టం ఉండదు గనుక గరాజ్‌లో వాటికి వేరే చిన్న ఫ్రిజ్ పెట్టుకోండి. వేసేముందు కాల్షియం పొడి అద్దడం బాబు పని. అయితే ఒక ప్రాణికి మరో ప్రాణిని వేయడం మీ మనసుకు, మీ ఇంటి ఆచారానికి పొసగదనిపిస్తే, ఆ మాట ఇప్పుడే గట్టిగా చెప్పండి. తెచ్చాక ఏవగింపుతో తిండి తగ్గించడం కంటే తేకపోవడం ఆ జంతువుకు వెయ్యిరెట్లు మేలు.

పూర్తి శాకాహారి బల్లి లేదా అని అడుగుతారేమో. యూరోమాస్టిక్స్ అనే ముళ్ల తోక తొండ ఉంది; మన రాజస్థాన్ ఎడారిలోని సాండాకు దగ్గరి చుట్టం. ఆకులు, గింజలు, ఎండు పప్పులు కూడా నములుతుంది. కానీ ఎండ కాచుకునే చోట 120 డిగ్రీలు దాటాలి, ధర ఎక్కువ, అడవిలో పట్టి తెచ్చినవి ఇప్పటికీ సంతల్లో కనిపిస్తాయి. మొదటిసారి పెంచేవారికి నేను చెప్పను. ఊసరవెల్లి జాతులు కూడా అంతే: చేత్తో పట్టుకుంటే బెంగపడతాయి, ఆకు మీది చినుకులు తప్ప గిన్నెలో నీళ్లు తాగవు. పెరట్లో కనిపించిన దేన్నో పట్టి పెంచుకుంటానని బాబు అనవచ్చు. టెక్సస్ కొమ్ముల తొండ 1977 నుంచి ఈ రాష్ట్రంలో రక్షిత జాతి, ముట్టుకోవడం నేరం. అది తినే ఎర్రచీమలను ఇంట్లో సమకూర్చడమూ అసాధ్యం.

మీరు ఊళ్లో లేని ఐదారు వారాలను బట్టి చూసినా తేడా తెలుస్తుంది. డ్రాగన్‌కు రోజూ ఆకులు కోసి పెట్టి దీపాలు చూసే మనిషి కావాలి. క్రెస్టెడ్ గెకోకు రోజూ నీళ్లు చల్లాలి, రెండు రోజులకొకసారి పొడి కలిపి పెట్టాలి. పురుగుల గొడవ లేదు గనుక మరో శాకాహార కుటుంబమైనా ఒప్పుకుంటుంది. లెపర్డ్ గెకోకు నీళ్లు మార్చి, వారానికి రెండుసార్లు పురుగులు వేస్తే చాలు, మీ పక్కింటివారికి ఆ పని వచ్చు. మీ అదృష్టం అది.

ఇంకొకటి మీరు, మీ వారు కలిసి ఆలోచించవలసినది. డ్రాగన్ పదేళ్ల పైచిలుకు బతుకుతుంది. గెకోలు రెండూ పదిహేను నుంచి ఇరవై ఏళ్లు. ఎనిమిదేళ్లలో బాబు కాలేజీకి వెళ్తాడు, అప్పటికి ఆ గెకో నడివయసుకు వస్తుంది. డార్మిటరీలో ఉంచుకోనివ్వకపోతే ఆ తరువాత దాన్ని చూసుకునేది మీరే. అందుకే ఇది బాబు కోసం ఎంచుకుంటున్నట్టు కాక, మీ కోసం ఎంచుకుంటున్నట్టు చూడమంటున్నాను.

మీ ఉత్తరం చదివిన మేరకు నా సలహా లెపర్డ్ గెకో, పురుగుల పని మీ వారు నోటిమాటగా కాక నిజంగా ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే క్రెస్టెడ్ గెకో. అప్పుడు పెట్టెను అత్తగారి గదికి దూరంగా పెట్టి, దాన్ని బయటికి తీసేటప్పుడు తలుపు మూసుకోవాలి, ఎండాకాలంలో ఏసీ ఆగితే వెంటనే వచ్చి చూసే మనిషి ఉండాలి. డ్రాగన్ చెడ్డదని కాదు. రోజూ పొద్దున ఆకులు తరగడానికి, నాలుగడుగుల పెట్టె పెట్టడానికి ఇంట్లో ఒక పెద్దమనిషి ముందుకు వస్తే అదీ మీ బాబుకు గొప్ప నేస్తమే.

లెపర్డ్ గెకోను కొనేటప్పుడు పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు చెప్పగల పెంపకందారు వద్దే తీసుకోండి. తోక లావుగా, కళ్లు పూర్తిగా తెరిచి, కాలివేళ్ల చుట్టూ పాత కుబుసం బిగుసుకోకుండా ఉండాలి. రంగును చూసి ఎనిగ్మా, లెమన్ ఫ్రాస్ట్ అనే రకాలను తీసుకోకండి. మొదటిదానికి తల తిరుగుడు వంటి నరాల జబ్బు, రెండవదానికి చర్మం మీద కణితులు వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. రెండు మగవాటిని ఎప్పుడూ ఒకే పెట్టెలో ఉంచకండి; అసలు ఒక పెట్టెలో ఒకటే ఉండటం మంచిది. కుక్కలను చూసే డాక్టర్లందరూ బల్లులను చూడరు గనుక, ఏఆర్‌ఏవీ అనే సరీసృప వైద్యుల సంఘం జాబితాలో మీకు దగ్గర ఎవరున్నారో ముందే చూసి పెట్టుకోండి. నీళ్ల గిన్నెను, గుహలను వంటింటి సింకులో కడగకూడదు. వాటికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు ఉండాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముద్దు పెట్టుకోకూడదు. పాపకు ఐదేళ్లు దాటాక కూడా ఈ నియమం సడలించకండి.

ఇక తెచ్చేముందు బాబు చేయగల పని. విజయవాడ నుంచి వచ్చిన వెంటనే ఖాళీ పెట్టెను అమర్చండి. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి రెండు థర్మామీటర్లు పెట్టి, రెండు వారాల పాటు పొద్దున, రాత్రి ఆ అంకెలను వాడి చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఒక్క పూట కూడా మానకుండా రాసి, అంకెలు కదలకుండా నిలబడ్డాయంటే, ఆ శనివారం వాణ్ణి వెంటబెట్టుకుని పెంపకందారు దగ్గరికి వెళ్లండి.